జెంటూ, పందికొక్కు, కాజా: హాబ్సన్-జాబ్సన్ చదివాక

ఆఫీసులో నా పక్క డెస్కు కుర్రాడి లాప్‌టాప్ మీద జెంటూ లినక్స్ స్టిక్కర్ ఉంటుంది. ఒకరోజు లంచ్‌లో, కొంచెం గొప్పగానే, "జెంటూ అంటే ఎవరో తెలుసా? మనమే. తెలుగువాళ్ళం" అన్నాను. అందరూ నావైపు చూశారు. ఇంకేముంది, గొలుసంతా చెప్పాను. లినక్స్‌కి ఆ పేరు జెంటూ పెంగ్విన్ నుంచి వచ్చింది. పెంగ్విన్‌కి ఆ పేరు, ఒకప్పుడు మద్రాసులో ఇంగ్లీషువాళ్ళు తెలుగువాళ్ళని జెంటూలు అని పిలిచిన దాన్నుంచి వచ్చింది. కాబట్టి ప్రపంచంలో ఏ మూల ఎవరు జెంటూ ఇన్‌స్టాల్ చేసినా మన పేరు తల్చుకున్నట్టే.

ఒకమ్మాయి "వావ్" అంది. పెరుగన్నం కలుపుకుంటున్న స్టిక్కర్ కుర్రాడు మాత్రం, "అన్నా, లినక్స్ నుంచి పెంగ్విన్ దాకా ఓకే. పెంగ్విన్ నుంచి మనదాకా ఎలా వచ్చావ్?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. "ఎక్కడో చదివాను" అన్నాను. కోడ్ రివ్యూలో ఎవరైనా ఆ మాట అంటే నేనే ఒప్పుకోను.

ఆ రాత్రి హాబ్సన్-జాబ్సన్ తెరిచాను. ఎప్పటినుంచో ఫోన్‌లో ఉన్న స్కాన్ కాపీ అది. అప్పుడప్పుడు ఒకటో రెండో మాటలు వెతుక్కోవడమే తప్ప వరసగా చదివింది లేదు. ఈసారి రోజూ రాత్రి కొన్ని పేజీల చొప్పున చదువుకుంటూ పోయాను. మాటల పుట్టుక గురించి మనం సరదాగా చెప్పుకునే కబుర్లని ఎలా చదవాలో, వాటిలో ఏది తక్కువవుతోందో ఈ పుస్తకం దగ్గర కూచున్నాకే కాస్త తెలిసింది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ళ నోళ్ళలో నానిన దేశీ మాటలకి ఇది నిఘంటువు. 1886లో వచ్చింది. రాసినవాళ్ళు హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసు మనిషి, తంజావూరులో జడ్జీగా చేశాడు. పుస్తకం అచ్చులో చూడకుండానే 1882లో పోయాడు. యూల్ బెంగాల్ ఇంజనీర్స్‌లో పనిచేశాడు. ఆయనా ఇంజనీరేనన్న సంగతి నాకు కాస్త ధైర్యం ఇచ్చిందని ఒప్పుకోవాలి. 1903లో విలియం క్రూక్ సరిచూసి వేసిన రెండో ముద్రణ వెయ్యి పేజీలు దాటుతుంది. సల్మాన్ రష్దీ దీని మీద ఒక వ్యాసమే రాశాడు. టామ్ స్టాపర్డ్ 'ఇండియన్ ఇంక్' నాటకంలో రెండు పాత్రలు ఇందులోని మాటలు గుప్పిస్తూ పోటీ పడతాయి. అంటే దీన్ని నిఘంటువులా కాక సాహిత్యంలా చదివినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఎందుకలా చదువుతారో రెండు పేజీలు తిప్పితే తెలుస్తుంది. ప్రతి మాట కిందా ఏ సంవత్సరంలో ఎవరు ఎలా వాడారో వరసగా ఉంటుంది. పదహారో శతాబ్దపు పోర్చుగీసు ప్రయాణికుడు, తర్వాత కంపెనీ గుమాస్తా ఉత్తరం, ఆ తర్వాత ఏదో నవల. మా భాషలో చెప్పాలంటే గిట్ బ్లేమ్. ఏ లైను ఎవరు, ఎప్పుడు రాశారో పక్కనే కనిపిస్తుంది. కథ నచ్చకపోతే ఆ లైన్ల వెంట వెనక్కి నడిచి మనమే చూసుకోవచ్చు.

మరి జెంటూ దగ్గర ఏముంది? మూలం పోర్చుగీసు 'జెంతియు'. లాటిన్ నుంచి వచ్చిన మాట, అన్యమతస్తుడని అర్థం. ఇంగ్లీషు బైబిల్లో కనిపించే 'జెంటైల్' దీని చుట్టమే. పోర్చుగీసువాళ్ళు ముస్లింలని మూర్‌లన్నారు, హిందువులని జెంతియులన్నారు. ఇంగ్లీషువాళ్ళు ఆ అలవాటునే ఎత్తుకున్నారు. 1776లో హాల్‌హెడ్ తెచ్చిన 'జెంటూ లాస్' అంటే హిందూ ధర్మశాస్త్రమే, మన తెలుగు చట్టాలేమీ కావు. మద్రాసుకి వచ్చేసరికి ఆ మాట కుంచించుకుపోయి తెలుగువాళ్ళకీ, తెలుగు భాషకీ పేరయింది. పక్కనే ఉన్న తమిళులని వాళ్ళు 'మలబారులు' అనేవాళ్ళు. కోరమండల్ తీరంలో ఉన్నవాళ్ళకి అవతలి తీరం పేరు పెట్టి పిలిచిన దొరలు, మనల్ని "మా మతం కానివాళ్ళు" అని పిలిచారు. నేను లంచ్‌లో గర్వంగా చెప్పుకున్న పేరుకి అసలర్థం ఇది.

ఇక పెంగ్విన్. ఆ పేరుకి మూలం ఈ జెంటూయే కావచ్చని నిఘంటువులు చెప్తాయి, ముందు ఒక 'బహుశా' పెట్టి. దాని తల మీద అడ్డంగా ఉండే తెల్లటి పట్టీ తలపాగాలా కనిపించి ఉంటుందని ఒక ఊహ. ఊహే. ఈ పక్షికి పేర్ల విషయంలో అదృష్టం లేదు. శాస్త్రీయ నామంలో 'పపువా' అని ఉంటుంది. పపువాలో ఎక్కడా పెంగ్విన్లు లేవు. 1781లో ఫోర్‌స్టర్ అలా పెట్టేశాడు, అలా ఉండిపోయింది. 2002లో మొదటి వెర్షన్ విడుదలైన లినక్స్‌కి మాత్రం, బాగా వేగంగా ఈదే పెంగ్విన్ కాబట్టి ఆ పేరు పెట్టారు. ఆ ఒక్క లంకె గట్టిది. నేను చెప్పిన గొలుసులో మధ్య లంకె మీద 'బహుశా' అని రాసి ఉంది. నేను దాన్ని చెరిపేసి చెప్పాను. చెరిపేశాను కాబట్టే "వావ్" వచ్చింది.

ఇలాంటివి పుట్టించడం ఎంత తేలికో చెప్తాను. చొక్కాకి బొత్తాం దూరే కన్నాన్ని కాజా అంటాం కదా. ఇప్పుడు తాపేశ్వరం మడతకాజా గుర్తు తెచ్చుకోండి. పొర మీద పొర, మధ్యలో చీలిక, అచ్చం కుట్టిన కాజాలాగే. గోదావరి జిల్లాల్లో బట్టల వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో దర్జీలు పండక్కి చేయించుకున్న మిఠాయి కాబట్టి దానికా పేరొచ్చింది. బాగుంది కదా? ఈ కథ నేను మెట్రోలో నిలబడి నాలుగు నిమిషాల్లో అల్లాను. ఒక్క ముక్క నిజం లేదు. తినే కాజా సంస్కృతం 'ఖాద్య' నుంచి ప్రాకృతంలో 'ఖజ్జ'గా మారి వచ్చింది. బీహార్‌లో సిలావ్ ఖాజా, పూరీలో జగన్నాథుడి ప్రసాదంగా పెట్టే ఖాజా దాని అన్నదమ్ములు. బొత్తాం కాజాది వేరే వంశం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మస్లిన్ కథ కూడా ఇలాంటిదే. ఆ గుడ్డకి మన మచిలీపట్నం నుంచే పేరొచ్చిందంటే మనకి చెవులకింపుగా ఉంటుంది. నిఘంటువులు మాత్రం ఇటాలియన్, ఫ్రెంచి మాటల మీదుగా ఇరాక్‌లోని మోసుల్ దాకా తీసుకెళ్తాయి. రెండు పేర్లలోనూ మ, స, ల ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. పాస్‌వర్డ్‌లో మూడక్షరాలు కలిసినంత మాత్రాన లాగిన్ అవ్వనివ్వరు.

మరి దేన్ని నమ్మాలి? ఒక జంట మాటలు కలిస్తే నమ్మక్కర్లేదు. ఒకే మార్పు పది జంటల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తే నమ్మొచ్చు. నేను ఉండేది బెంగళూరులో. ఆఫీసుకి వెళ్ళే దారిలో అగర చెరువుంది. బోర్డు మీద కన్నడంలో 'అగర కెరె' అని రాసి ఉంటుంది. రెండేళ్ళు దాన్ని చూస్తూనే తిరిగాను, కెరె అంటే చెరువని తెలుసు కూడా. ఒకరోజు మా ఇంటావిడ "కివి" అంటూ చెవి చూపించి ఏదో చెప్తుంటే గబుక్కున వెలిగింది. చెవి, కివి. చెరువు, కెరె. తర్వాత చెడు, కెడు. ఇ, ఎ అచ్చుల ముందు కన్నడం 'క' అన్నచోట తెలుగు 'చ' అంటోంది. ఎవరికైనా చెప్తే "వావ్" అనే సంగతేమీ కాదు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ ఊళ్ళో బోర్డులు కొత్తగా చదవడం వచ్చింది. ఒక జెంటూ కథ నాకు ఒక్క మాటే ఇచ్చింది. ఈ చిన్న సూత్రం పక్క భాషనే ఇచ్చింది.

ఈ పద్ధతికీ జెంటూ అనే మాటకీ ఒక పాత లింకుంది. 1816లో క్యాంబెల్ అనే ఆయన మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. 'సాధారణంగా జెంటూ అని పిలవబడే' భాష అని పుస్తకం పేరులోనే ఉంటుంది. దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాటలాంటిది రాశాడు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువుల్ని పక్కపక్కన పట్టికలుగా పేర్చి, ఈ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, వీటిది వేరే కుటుంబమనీ అందులో చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం రావడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. అట్ట మీద మన పేరు తప్పు, లోపల మన వంశవృక్షం ఒప్పు. ఎల్లిస్ ఇదంతా ఒక్కడే కూచుని తేల్చలేదు. 'ఆంధ్రదీపిక' నిఘంటువు కూర్చిన మచిలీపట్నం మామిడి వెంకయ్యలాంటి పండితుల మీద ఆధారపడ్డాడు, ఆ సంగతి పేరు పెట్టి చెప్పాడు కూడా.

హాబ్సన్-జాబ్సన్‌తో నా పేచీ ఇక్కడ మొదలవుతుంది. ఇందులో తేదీలున్నాయి, ఆధారాలున్నాయి. సందేహం ఉన్నచోట సందేహమనే రాశారు. కానీ ఒక్కో మాట కింద వరసగా మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్ళే. ఆ మాటని తన ఇంట్లో రోజూ వాడుకున్న మనిషి గొంతు వినిపించేది తక్కువ.

పందికొక్కునే తీసుకుందాం. ఇంగ్లీషు బ్యాండికూట్ తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని యూల్, బర్నెల్ స్పష్టంగా రాశారు. ఇందులో 'బహుశా' లేదు. ఆ మాట తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగిందో చూడండి. ఆ ఎలుక జాతికి శాస్త్రీయ నామమే బ్యాండికోటా అయింది. ఆస్ట్రేలియా వెళ్ళిన ఇంగ్లీషువాళ్ళు అక్కడ కనిపించిన, ఎలుకతో ఏ చుట్టరికమూ లేని ఒక సంచిజంతువుకి ఈ పేరే తగిలించారు. 1996లో ఆ జంతువు హీరోగా 'క్రాష్ బ్యాండికూట్' అనే ప్లేస్టేషన్ గేమ్ వచ్చింది. ఇంజనీరింగ్ హాస్టల్లో పరీక్షల ముందు రాత్రి ఎమ్యులేటర్ పెట్టుకుని దాన్ని ఆడాను. నేను పరిగెత్తిస్తున్నది పందికొక్కునని అప్పుడు తెలీదు. 2018లో కేరళలో జెన్‌రోబోటిక్స్ అనే స్టార్టప్, మ్యాన్‌హోళ్ళలోకి మనుషులు దిగే అవసరం లేకుండా శుభ్రం చేసే రోబోని తయారుచేసింది. దాని పేరు బ్యాండికూట్. సముద్రాలు దాటి, ఆటబొమ్మై, ఆ మాట మళ్ళీ మన మురుగు కాలవల్లోకే, ఈసారి మంచి పనికి, తిరిగొచ్చింది.

ఈ ప్రయాణం చెప్తే ఎవరైనా చెవి పెడతారు. నేనూ చెప్తాను, మానను. అయితే ఆ మాట ఊళ్ళో ఎలా బతికిందో? పొలం గట్టుకి బొరియ పెడితే నీళ్ళన్నీ పక్క మడిలోకి పోయి అన్నదమ్ముల మధ్య తగువొస్తుంది. గాదె కింద తవ్వితే ఏడాది గింజలు పోతాయి. "పందికొక్కులా మెక్కుతున్నాడు" అంటే అవతలివాడు ఉత్త తిండిపోతని కాదు, పదిమంది సొమ్ము తింటున్నాడని. ఊరి కాంట్రాక్టర్ని తిట్టడానికి ఇంతకన్నా మంచి మాట ఇప్పటికీ లేదు. ఈ భయం, ఈ కోపం 'పంది-ఎలుక' అనే అనువాదంలో లేవు. మాట ఎక్కడ పుట్టిందో, ఎక్కడికి వెళ్ళిందో రాసి, ఎక్కడ కాపురం చేసిందో వదిలేస్తే కథ సగమే అయినట్టు.

ఈ సగాన్ని పట్టించుకున్న ఇంగ్లీషువాడు లేకపోలేదు. బ్రౌన్ 1852లో వేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో మాటల పక్కన జనం వాడే తెలుగు వాక్యాలే కనిపిస్తాయి. హాబ్సన్-జాబ్సన్ కంటే ముప్ఫై ఏళ్ళ ముందే ఆయన మిశ్రభాషా నిఘంటువు కూడా వేశాడు. కచేరీల్లోంచి, బజార్లలోంచి తెలుగులోకి వచ్చి కలిసిపోయిన పరాయి మాటల పట్టిక అది. అంటే ఇదే ప్రయాణం, ఎదురు దిక్కులో. మన చదువుకున్నవాళ్ళ గోష్ఠుల్లో దాని పేరు ఎప్పుడో గాని వినపడదు. మన మాట ఇంగ్లీషులోకి వెళ్ళిందంటే గర్వం, వాళ్ళ మాట మన ఇంట్లో ఉందంటే మొహమాటం. రెండూ ఒకే పని, ఒక చెవి తనకి వినపడినట్టు పట్టుకోవడం.

ఆ చెవి సంగతి ఈ పుస్తకం పేరులోనే ఉంది. మొహర్రం ఊరేగింపులో గుండెలు బాదుకుంటూ "యా హసన్, యా హుస్సేన్" అనే శోకం బ్రిటిష్ సోల్జర్ల చెవికి హాబ్సన్-జాబ్సన్ అని వినపడింది. యూల్‌కి ఆ పేరు సరదాగా తోచి పుస్తకానికి పెట్టాడు. భాషాశాస్త్రంలో, పరాయి మాటని సొంత భాష ధ్వనుల్లోకి వంచుకోవడాన్ని హాబ్సన్-జాబ్సన్ సూత్రం అనడం కూడా వచ్చింది. ఇప్పుడు తెలంగాణ పల్లెల్లో పీర్ల పండగ చూడండి. హసన్, హుస్సేన్ అక్కడి నోళ్ళలో ఆశన్న, ఊశన్న అయ్యారు. సూత్రం ఒకటే, అరబ్బీ పేరు నోరు తిరగలేదు. కానీ ఆ సోల్జర్ ఒక తమాషా పేరు విన్నాడు. పల్లెటూరి మనిషి 'అన్న'ని విన్నాడు. విన్నాక నిప్పుల గుండం చుట్టూ ఆడాడు, పీరుకి మొక్కుకున్నాడు. తప్పుగా వినడంలో కూడా ఇంత తేడా ఉంటుంది. మాటల పుట్టుక చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే ఇద్దరూ ఒకటే అయిపోతారు.

కాజా దగ్గరికి వస్తానన్నాను. పోర్చుగీసులో బొత్తాం కన్నాన్ని 'కాజ' అంటారు. రాయడం 'స'తో రాసినా, పలికేటప్పుడు తేనెటీగ గుయ్యిమన్నట్టు వస్తుంది. ఆ ధ్వని మనకి లేదు. ఇదే ధ్వని ఉన్న పర్షియన్ మాటలు మన నోట్లో బజారు, దర్జీ, జమీందారు అయ్యాయి, అన్నిట్లోనూ 'జ'. కాజా కూడా అదే దారిన వచ్చింది. బొత్తాం వాళ్ళ 'బొతావ్', చివర ముక్కుతో పలుకుతారు కాబట్టి మనకి సున్నా వచ్చింది. ఏలంపాటలో ఏలం వాళ్ళ 'లెయిలావ్', మళ్ళీ అదే ముక్కు, అదే సున్నా. ఇవి నేను మెట్రోలో అల్లినవి కావు, ఒకదానికొకటి సాక్ష్యం చెప్తున్నాయి.

పోర్చుగీసులో 'కాజ' అంటే అసలర్థం ఇల్లు. బొత్తానికి ఇల్లు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయనమ్మ తెనాలిలో, నాన్న చిన్నప్పుడు, బజారులోని దర్జీ షాపుకి ఇంటి దగ్గరే కూచుని కాజాలు కుట్టిపెట్టేది. మధ్యాహ్నం షాపు కుర్రాడు చొక్కాల మూట ఇచ్చి వెళ్ళేవాడు, మర్నాడు పట్టుకెళ్ళేవాడు. నాన్న స్కూలు ఫీజు అందులోంచే కట్టారు. ఇప్పుడావిడకి ఎనభై దాటాయి, చూపు ఆనదు. ఆదివారం ఫోన్ చేసి, "నాయనమ్మా, కాజా అంటే పోర్చుగీసు భాషలో ఇల్లంట. బొత్తానికి ఇల్లు" అన్నాను. నా గొంతులో ఆ లంచ్ టేబుల్ దగ్గరి గొప్పే ఉండి ఉంటుంది.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే చొక్కాకి ఆరిళ్ళు కట్టి పావలా తీసుకున్నానన్నమాట" అంది.

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "ఒరేయ్, కొస దగ్గర రెండు పోట్లు ఎక్కువ వెయ్యాలి, తెలుసా? లేకపోతే బొత్తాం అక్కడే లాగి చింపేస్తుంది. షాపాయన నా కాజాలు చూసి ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. ఇదుందా నీ పుస్తకంలో?"

లేదన్నాను.

సోమవారం లంచ్‌లో స్టిక్కర్ కుర్రాడికి పెంగ్విన్ సంగతి సరిచేసి చెప్పాను, 'బహుశా'తో సహా. "అయితే మనం కాకపోవచ్చన్నమాట" అన్నాడు. కాకపోవచ్చన్నాను. వాడేమీ నిరాశపడలేదు. ఆ రాత్రి ఫోన్‌లో నోట్స్ తెరిచి, యూల్, బర్నెల్ పద్ధతిలోనే ఒక ఆరోపం రాసుకున్నాను. ముందు మాట, తర్వాత పుట్టుక, కింద వాడుక.

కాజా. పోర్చుగీసు 'కాజ' (ఇల్లు) నుంచి. బొత్తాం పట్టే కన్నం. తెనాలి, 1971: "చొక్కాకి ఆరు. పావలా. కొస దగ్గర రెండు పోట్లు ఎక్కువ."